రికార్డు రూము నైరుతి తలుపు

నరసరావుపేటలో మా సంఘం ప్రధాన కార్యాలయాన్ని కూలిపోకుండా, కాలిపోకుండా, దొంగల పాలు కాకుండా కాపాడింది నేనే. టీ కొట్టు దగ్గర ఇలాగే చెబుతాను. కాగితం మీద పెట్టేటప్పుడు చెయ్యి కాస్త వెనకాడుతుంది కాబట్టి సరిదిద్దుకుంటాను: కాపాడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇంకా సరిదిద్దితే, ఆ మరమ్మతుల్లో ఒక మనిషి ఊపిరి ఆగిపోయేదాకా తెచ్చింది కూడా నేనే. ఇది టీ కొట్టు దగ్గర చెప్పను. ఇక్కడ చెబుతాను.

మాది పత్తి, మిరప రైతుల సంఘం. పేరు అనవసరం. మాచర్ల వైపు నుంచి చిలకలూరిపేట వైపు దాకా మాకు గిడ్డంగులున్నాయి. ఏ రైతు ఎప్పుడు సభ్యుడయ్యాడు, ఎవరి పొలం ఏ సర్వే నంబరులో ఉంది, ఎవరి తర్వాత ఎవరు వారసులు, ఆ కాగితాలన్నీ పేటలోని పాత భవనంలో, రికార్డు రూములో, ఎర్రగుడ్డ మూటల్లో ఉంటాయి. ఆ గదికి ముప్పై ఏళ్ళ పైచిలుకు నేనే అధికారిని. గురజాల నుంచి తొలి బస్సెక్కి వచ్చిన రైతు ఊరి పేరు చెప్పగానే, కళ్ళు మూసుకుని చెయ్యి చాచి అతని మూట తీసిచ్చేవాణ్ణి. కళ్ళు మూసుకునేవాణ్ణన్నది నిజం. మూట మాత్రం అరగంట వెతికితే గానీ దొరికేది కాదు.

రెండేళ్ళ కిందట వానాకాలంలో మేడ మీద మీటింగు హాల్లో పైకప్పు పెచ్చు ఊడి కుర్చీ మీద పడింది. సెక్రటరీ గారు ఆ కుర్చీలోంచి అప్పుడే లేచారని నేను చెబుతుంటాను. నిజానికి అది ఆదివారం, ఆఫీసులో పిల్లి కూడా లేదు. అదే నెలలో ఒక గిడ్డంగి తాళం ఎవరో పగలగొట్టారు. దాంతో పాలకవర్గం రెండు భయాలకు కలిపి ఒకే తీర్మానం చేసింది. భవనం మనుషుల మీద పడకూడదు, నిప్పంటుకుంటే లోపలివాళ్ళు బయటికి రాగలగాలి. అట్లాగే బయటివాడు లోపలికి రాకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు తగులుతాయని ఆ రోజు ఎవరికీ తోచలేదు.

పరీక్ష చెయ్యడానికి గుంటూరు నుంచి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. తలమీద హెల్మెట్, చేతిలో చిన్న సుత్తి. డాక్టరు రోగి ఛాతీ మీద వేళ్ళతో కొట్టి విన్నట్టు, గోడను కొట్టి వినేది. పాత ప్లాను అడిగితే తీసి చూశారు. చెదలు తినగా మిగిలింది నాలుగు అంచులే. అప్పుడు అధ్యక్షుడికి నేను గుర్తొచ్చాను.

"ఏం పెద్దాయనా, బతికే ఉన్నావా?" అన్నాడు ఫోనులో. "ఒకసారి వచ్చిపో. ఈ బిల్డింగు సంగతులు నీకు తప్ప ఎవురికి తెలుసు?"

ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడింది.

"కోతలు కొయ్యమాకండి. పిలిచింది మరమ్మతులకి, హరికథకి కాదు."

వరండాలో అడుగు పెట్టీపెట్టగానే మొదలుపెట్టాను. ఈ టేకు దూలాలు బర్మా నుంచి ఓడలో వచ్చాయనీ, రేవు నుంచి నలభై ఎడ్లబండ్ల మీద తోలుకొచ్చారనీ. ఇంజినీరమ్మ ఓపిగ్గా విని, నిచ్చెన ఎక్కి, దూలం కొసను గుడ్డతో తుడిచింది.

"ఇక్కడ డిపో ముద్ర ఉంది అంకుల్. మాచర్ల అని. బర్మాలో ఇది ఏ వైపు?"

అధ్యక్షుడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ పూటకి అక్కడితో బుద్ధి తెచ్చుకుని ఉంటే ఈ కథే లేదు.

రికార్డు రూము భవనం వెనక, నైరుతి మూలన ఉంటుంది. కారిడారు చివర ఒక్కటే తలుపు. ఒక్కటే కిటికీ, అదీ బీరువాల వెనక. లోపల ఉండే మనిషి కూడా ఒక్కతే. నా కింద అటెండరుగా చేరి, నా దగ్గరే పని నేర్చుకుని, నా తర్వాత ఆ బల్ల దగ్గర కూర్చుంది. నలభై దాటిన మనిషి. చర్చిలో పాటలు పాడేదట, ఉబ్బసం ముదిరాక మానేసింది. సొరుగులో మూటల జాబితా పక్కనే పీల్చుకునే పంపు పెట్టుకుంటుంది. నన్ను బాబాయ్ అంటుంది, నాకూ కూతురి లెక్కే, మా అమ్మాయి అనే అంటాను.

మేము వెళ్ళేసరికి లేచి నాకు స్టూలు వేసింది. ఇంజినీరమ్మ వెనకగోడను కొట్టుకుంటూ వెళ్ళింది. టక్, టక్, టక్. ఒకచోట చప్పుడు మారింది. డొల్లగా మోగింది.

"ఇక్కడ రాయి కాదు, ఇటుక. పైన అడ్డరాయి కూడా ఉంది. తలుపు ఉండేదా ఇక్కడ?"

"ఉండేదండీ" అంది మా అమ్మాయి. గొంతులో ఎన్నాళ్ళ నుంచో అడగని మాట ఎవరో అడిగినట్టుంది. "నేను చేరిన కొత్తలో ఉండేది. దాంట్లోంచి గాలొచ్చేది."

"అయితే దీన్ని తెరుద్దాం సార్" అని ఇంజినీరమ్మ అధ్యక్షుడి వైపు తిరిగింది. "ఇంత కాగితం ఉన్న గదికి ఒకే దారి ఉండకూడదు. కారిడారులో మంట పుడితే ఈవిడ ఎటు పోవాలి?"

అధ్యక్షుడి ముఖంలో నవ్వు పోయింది. "అది తప్ప ఇంకేదైనా అడుగు తల్లీ. ఆ తలుపు జోలికి పోమాక."

"వాస్తు గురించా?"

"నైరుతి అన్న మాట ఒక్కటే అయితే ఏదో శాంతి చేయించేవాళ్ళం. దానికి చానా చరిత్ర ఉంది. ఇదిగో, పెద్దాయన్నడుగు. కళ్ళారా చూసినోడు."

అందరూ నా వైపు తిరిగారు. ఇంజినీరమ్మ, అధ్యక్షుడు, మా అమ్మాయి. గుమ్మం దగ్గర పాత మేస్త్రీ కూడా. ఆ తలుపు మూసిన గోడ కట్టింది ఆయనే. ఇరవై ఏళ్ళ కిందట. ఇప్పుడు మరమ్మతులకీ ఆయన్నే పెట్టుకున్నారు. గడ్డం తెల్లబడింది, చెయ్యి మాత్రం నిలకడగా ఉంది.

ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఆ ముక్క నాలుక దాకా వచ్చింది కూడా. కానీ నలుగురు నా నోటి వంక చూస్తున్నప్పుడు నా నోరు నా మాట వినదు.

"ఆ తలుపు తెరిచున్న రోజుల్లో ముగ్గురు దెబ్బతిన్నారమ్మా" అన్నాను. "ఒక సెక్రటరీ గారికి ఆ గడప మీదే గుండెపోటు. తర్వాతాయన దాంట్లోంచి వచ్చిన వారానికే సస్పెన్షను. మూడో మనిషికి చిలకలూరిపేట హైవే మీద బండి బోల్తా. అప్పుడు గానీ పాలకవర్గం కళ్ళు తెరవలేదు. మూయించారు."

"మీరు చూశారా అంకుల్?"

"ఈ రెండు కళ్ళతో." అంతటితో ఊరుకున్నానా? "నాలుగో ఆయన సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆయన ప్రాణమే పోయింది" అని కూడా అన్నాను. ఆ నాలుగో ఆయన్ని అప్పటికప్పుడు పుట్టించి అప్పటికప్పుడే చంపేశాను.

ఇంజినీరమ్మ పుస్తకంలో ఏదో రాసి కొట్టేసింది. మా అమ్మాయి ఆ గోడను ఒకసారి చూసి, సొరుగు లాగి, పంపు తీసి రెండుసార్లు పీల్చుకుంది.

తలుపు తెరవడం అక్కడితో ఆగిపోయింది. దొంగల భయం మాత్రం ఆగలేదు. ముందు తలుపు తీసేసి ఇనప తలుపు పెట్టారు. కార్డు చూపిస్తే తెరుచుకునే కరెంటు తాళం. కిటికీకి ఉక్కు జాలీ. ఇంజినీరమ్మ తాళం దగ్గర పట్టుబట్టింది.

"కరెంటు పోతే తనంతట తెరుచుకునే రకం పెట్టండి సార్. పోయినప్పుడు బిగుసుకుపోయే రకం వద్దు."

"కరెంటు పోతే తెరుచుకునేది తాళమెట్టా అవుద్ది?" అన్నాడు అధ్యక్షుడు. "దొంగ చేసే మొదటి పని మెయిను ఆపటమే గదా!"

వినడానికి ఎంత సబబుగా ఉందో! బిగుసుకుపోయే రకమే వచ్చింది. చేత్తో తెరవడానికి ఒకే ఒక్క తాళంచెవి, అది సెక్రటరీ గారి దగ్గర.

తర్వాత వారం, నేను పెద్దరికం చేసి ఇంటికి పోతుంటే మా అమ్మాయి గేటు దాకా వెంట వచ్చింది.

"బాబాయ్, ఒక్క మాట. ఆ నాలుగో ఆయన సంగతి నాకెప్పుడూ చెప్పలేదేంది మీరు?"

"భయపడతావని అమ్మాయ్."

"ఇప్పుడు మాత్రం భయం లేదా? ఆ ఇనప తలుపు పెట్టిన కాడి నుంచి డబ్బాలో కూర్చోబెట్టి మూతేసినట్టుంది. నిన్న కరెంటు పోయింది. జనరేటరు వేసిందాకా తలుపు రాలేదు. లోపలి బటను కూడా కరెంటుదే గదా. ప్రభువా అనుకుంటా కూర్చున్నా." కొంగుతో మెడ తుడుచుకుంది. "మీరు చెప్పింది నిజమే అయితే నేనేం అనను. నా ఒక్కదాని కోసం ఎవురికీ కీడు జరగొద్దు. కానీ నిజమేనా బాబాయ్?"

రిటైరయ్యాక నాకు మిగిలిన కుర్చీ ఆ కథ ఒక్కటే. దానివల్లే ఫోన్లు వచ్చేవి, స్టూళ్ళు వేసేవారు. ఆ కుర్చీలోంచి లేవడానికి నాకు మనసొప్పలేదు.

"నిజమే అమ్మాయ్" అన్నాను.

తల ఊపి లోపలికి వెళ్ళింది. ఇంటికి పోయే దారిలో నేను ఒక్కడితో కూడా మాట్లాడలేదు. మా వీధివాళ్ళకి అది వింతే.

ఇంజినీరమ్మ కూడా తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఆపదలో జనం ఎంతసేపట్లో బయటపడతారో కళ్ళారా చూశాకే సర్టిఫికెట్టు మీద సంతకం పెడతానంది. ఒక రోజు పొద్దున పదకొండింటికి ఏర్పాటు చేశారు. ఆమె వెనక దొడ్లో నిలబడి ఈల ఊదుతుంది, వాచ్‌మన్ మెయిను ఆపుతాడు, అందరూ ముందు ఆవరణలోకి రావాలి. ఉత్తుత్తి నిప్పు, అంతే. పొగా గిగా ఏమీ వద్దని మరీ మరీ చెప్పి వెనక్కి వెళ్ళింది. సెక్రటరీ గారు ఆ రోజు గుంటూరు మీటింగులో ఉన్నారు. తాళంచెవి ఆయన బ్యాగులో ఉంది. అది ఎవరికీ గుర్తు లేదు.

నేనూ అధ్యక్షుడూ వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

"ఈల వేస్తే జనం నవ్వుకుంటా, ఫోను చూసుకుంటా నడిచొస్తారు" అని గొణిగాడు అధ్యక్షుడు. "దీంట్లో తేలేదేంది?"

నా బుర్రలో పురుగు తొలిచింది. "పొగ ఉండాలి" అన్నాను. "అట్లాగని సాంబ్రాణి వేస్తే భజనకి కూర్చుంటారు. మన సరుకు మన దగ్గరే ఉంది గదా! కుంపటిలో గుప్పెడు ఎండుమిరపకాయలు వేయించు. కుర్చీలకి అతుక్కుపోయినోళ్ళు కూడా లేచి ఉరుకుతారు."

అధ్యక్షుడికి పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. "ఒరేయ్, తేరా కుంపటి!" అని వాచ్‌మన్‌ని కేకేశాడు.

నేను గుప్పెడే అన్నానని ఇప్పటికీ చెబుతాను. అన్నది రెండు గుప్పెళ్ళు. వాచ్‌మన్ వేసింది శాంపిలు సంచిలో సగం, అదీ అన్నిటికంటే ఘాటైన తేజ రకం. కుంపటి ఎక్కడ పెట్టాలన్నప్పుడు, కారిడారు చివరైతే పొగ వెనక్కి తిరిగి ఆఫీసంతా కమ్ముతుందని చోటు చూపించింది కూడా నేనే. కారిడారు చివర రికార్డు రూము ఉంటుందని నాకంటే బాగా తెలిసినవాడు ఈ భూమి మీద లేడు.

ఈల మోగింది. మెయిను ఆగింది. ఒక్క నిమిషంలో ఆఫీసంతా ఆవరణలో ఉంది. ముక్కులు చీదుకుంటూ, తుమ్ముకుంటూ, ఒకరినొకరు తిట్టుకుంటూ, కన్నీళ్ళతో నవ్వుకుంటూ. "ఎవుడి ఐడియారా ఇది, వాడి మూతి మండ!" అని ఎవరో అరిచారు. నేను మీసం దువ్వుకున్నాను.

ఇంజినీరమ్మ భవనం చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని తలలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"రికార్డు రూము మేడమ్ ఏరీ?"

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. అప్పుడు వినిపించింది. లోపల, దూరంగా, ఇనప తలుపు మీద అరచేత్తో కొడుతున్న చప్పుడు.

"మెయిను వెయ్యండి!" అని అరిచింది ఇంజినీరమ్మ. మెయిను బోర్డు కారిడారులోనే, కుంపటికి అవతల. జనరేటరు వేసినా కరెంటు రావలసింది దాంట్లోంచే. వాచ్‌మన్ తువ్వాలు ముఖానికి చుట్టుకుని లోపలికి పోయాడు. పది అడుగులు వేశాడో లేదో, వంగిపోయి దగ్గుతూ వెనక్కి వచ్చి పడ్డాడు. ఇంకొకడు బకెట్టెడు నీళ్ళు తెచ్చి దూరం నుంచే కుంపటి మీదికి విసిరాడు. నిప్పు చుయ్యిమంది. తెల్లటి ఆవిరి లేచి పొగ రెట్టింపయింది. సెక్రటరీ గారికి ఫోన్ చేస్తే, "బయల్దేరా, దార్లో ఉన్నా, ఏమైంది?" అంటున్నారు.

"వెనక్కి రండి!" అని ఇంజినీరమ్మ పరుగెత్తింది.

నేనూ పరుగెత్తానని రాయాలని ఉంది. అంతకుముందు చెప్పిన చాలాచోట్ల పరుగెత్తాను కూడా. నిజానికి నా మోకాళ్ళు లేవలేదు. ఎవరి భుజమో పట్టుకుని, కుర్చీని తన్నుకుని, ఈడ్చుకుంటూ వెళ్ళాను.

వెనకగోడ దగ్గర మేస్త్రీ పరంజా దిగి గునపం పట్టుకుని నిలబడ్డాడు. కిటికీ జాలీలోంచి పొగ సన్నగా వస్తోంది. లోపల దగ్గు. అది మామూలు దగ్గు కాదు. ఉబ్బసం మనిషి దగ్గు మధ్యలో ఊపిరి కోసం లాగే చప్పుడు వింటే మరిచిపోలేం.

"కొట్టండి! ఆ ఇటుకలు కొట్టండి!" అంటోంది ఇంజినీరమ్మ.

మేస్త్రీ అధ్యక్షుడి వంక చూశాడు. అధ్యక్షుడు గునపానికి అడ్డం వచ్చాడు. చెడ్డవాడు కాదాయన. అంత పొగలోనూ ఆయన ఆలోచించింది ఆమె గురించే.

"ఆగు, ఆగు మేస్త్రీ! జాలీ కోసి తీద్దాం. ఆ గడప మాత్రం దాటించొద్దు. ఆ పిల్ల అసలే ఉబ్బసం మనిషి. నలుగురు పోయిన తలుపు అది. ఐదోది అవుద్ది!"

"జాలీ కొయ్యాలంటే మెషీను కావాలి, కరెంటు కావాలి సార్!" అంది ఇంజినీరమ్మ. గొంతు చీరుకుపోయింది.

లోపల దగ్గు ఆగింది.

ఆ నిశ్శబ్దాన్ని పెంచి చెప్పే శక్తి నాకు లేదు. ఎంతసేపో కూడా చెప్పలేను.

"అబద్ధం!" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "అంతా అబద్ధం. ఎవురూ పోలా. ఎవురికీ ఏమీ కాలా. నా నిద్ర కోసం నేనే కట్టిన కథ. కొట్టు మేస్త్రీ, నీ కాళ్ళు పట్టుకుంటా, కొట్టు!"

"ఏంది?" అన్నాడు అధ్యక్షుడు.

మేస్త్రీ అప్పటికే గోడ మీదికి వంగాడు. గోడ మధ్యలో కొట్టలేదు, కింద ఎడమ మూల వెతుక్కుని అక్కడ గునపం దింపాడు. నాలుగు దెబ్బలు. పైన సిమెంటు పూత పెళ్ళలుగా రాలింది. వెనక ఇటుకల మధ్య సిమెంటు లేదు, ఒట్టి ఎర్రమట్టి. అయిదో దెబ్బకి వరస కదిలింది, తర్వాత బస్తా చిరిగినట్టు కుప్పగా జారింది. మనిషి పట్టేంత కంత పడింది. అందులోంచి ముందు పొగ వచ్చింది. తర్వాత ఒక చెయ్యి.

ఇంజినీరమ్మా మేస్త్రీ చెరో రెక్క పట్టి లాగారు. మా అమ్మాయి ముక్కుకు, నోటికి మూట విప్పిన ఎర్రగుడ్డ బిగించి కట్టుకుని ఉంది. నేల మీద పడుకుని పాకి, కంత పడిన చోటికి తలపెట్టి ఉంది. గుప్పిట్లో పంపు. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. నిటారుగా కూర్చోబెడితే గాలి లాగింది. ఒకసారి. ఇంకోసారి. ఆసుపత్రికి ఆటో ఎక్కించేదాకా నన్నొక్కసారే చూసింది. అది ఒక్క ఇటుక మందం గోడ. బయట అన్న మాట ప్రతిదీ లోపలికి వినిపిస్తుంది.

ఇక నిజం. ఇది చాలా చిన్నది, అందుకే ఇన్నాళ్ళు చెప్పలేకపోయాను.

ఆ తలుపు వెనక దొడ్లోకి ఉండేది. మధ్యాహ్నం భోజనం తర్వాత నేను మూటలకు జారగిలబడి ఒక కునుకు తీసేవాణ్ణి. కారిడారులోంచి ఎవరొచ్చినా చెప్పుల చప్పుడు వినిపిస్తుంది, సర్దుకోవచ్చు. వెనక తలుపులోంచి వచ్చేవాళ్ళు మాత్రం చప్పుడు కాకుండా నెత్తి మీదికి వచ్చేవారు. రైతులు దాంట్లోంచే వచ్చి లేపేవారు. ఒక సెక్రటరీ గారు దాంట్లోంచి వచ్చి, నా గురక విని, ఆఫీసంతటినీ పిలిచి చూపించారు. ఆ అవమానం నాకు పట్టుకుంది. ఆయనకి తర్వాత వారం ఛాతీలో మంట వచ్చింది. సోడా తాగితే తగ్గింది. దాన్ని నేను గుండెపోటు చేశాను. సస్పెండయిన ఆయన వేరే ఊళ్ళో వేరే పని వల్ల సస్పెండయ్యాడు. ఆ తలుపు ఎటుందో కూడా ఆయనకి తెలియదు. హైవే మీద బోల్తా పడింది నా సైకిలు, నేనూ, నా క్యారేజీ. హైవే కూడా కాదు, మా సందు మలుపు. నైరుతి అన్న మాటకి ఈ మూడూ కలిపితే పాలకవర్గం నెల తిరక్కుండా గోడ కట్టించింది. నేను హాయిగా నిద్రపోయాను. అప్పటి నుంచి ఆ గదిలో గాలి లేదు. మా అమ్మాయి ఉబ్బసం అప్పటికే ఉందా, ఆ గదిలోనే పుట్టిందా, డాక్టర్లు కూడా చెప్పలేరు. నేను అడగలేదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. ముక్కు మీద మాస్కు తీసి పక్కన పెట్టింది. నన్నెప్పుడూ ‘మీరు’ అనే మనిషి.

"నిద్ర కోసమా?" అంది.

"అవునమ్మాయ్."

"గేటు కాడ నిన్ను అడిగినప్పుడైనా చెప్పలేకపోయావా?"

తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టాను. మాస్కు మళ్ళీ పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

బయట వరండాలో మేస్త్రీ కూర్చుని ఉన్నాడు, ఆయనా చూడ్డానికే వచ్చాడు. మట్టితో ఎందుకు కట్టావని అడిగాను.

"గోడలు చానా కట్టాను అన్నా" అన్నాడు. "తలుపు మూయమన్నోడే ఎప్పుడో ఒకప్పుడు తియ్యమని వస్తాడు. మూసే పనికి నేను సిమెంటు పెట్టను." లోపలికి పోతూ, "ఇంత లేటుగా వస్తావనుకోలా" అన్నాడు.

తలుపు తెరిచారు. లోపలి నుంచి ఒక్క తోపుతో తెరుచుకునే తలుపు. బయటి నుంచి దొంగ ముట్టుకుంటే కూత పెట్టే యంత్రం. ముందు తలుపు తాళం కూడా మార్చారు. కరెంటు పోతే తెరుచుకుంటుంది. ఇంజినీరమ్మ రెండు భయాలకీ ఒకేచోట మందు దొరికిందని సంతకం పెట్టింది. కాని తలుపు బిగించిన రోజు ఆఫీసులో ఒక్కరూ దాన్ని దాటలేదు. కథ అబద్ధమని అందరూ విన్నారు. విన్నా అడుగు పడలేదు. ఇరవై ఏళ్ళు చెప్పిన మాటకి ఒక్క రోజు అరిచిన మాట సరితూగలేదు.

అధ్యక్షుడు నాకు ఫోన్ చేశాడు. ఈసారి బతికే ఉన్నావా అని అడగలేదు.

"నువ్వు మూయించిన తలుపు, నువ్వే దాటు. వచ్చి దాటు."

వెళ్ళాను. చొక్కా ఇస్త్రీ చెయ్యలేదు. ఆఫీసంతా రికార్డు రూములో, కారిడారు దాకా వరసగా నిలబడింది. బల్ల దగ్గర మా అమ్మాయి ఉంది, ఆ వారమే డ్యూటీలో చేరింది. కొత్త తలుపులోంచి గాలి వచ్చి ఆమె బల్ల మీది కాగితాలు లేస్తున్నాయి. వాటి మీద రాయి పెట్టింది. నా వంక చూడలేదు.

గడప ముందు నిలబడ్డాను. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది: నా గుండె దడదడలాడింది. ఆ ముగ్గురినీ కల్పించింది నేను, నాలుగోవాణ్ణి చంపింది నేను. అయినా ఆ నలుగురూ గడప అవతల నిలబడి ఉన్నట్టే అనిపించింది. కుడికాలా, ఎడమకాలా అని ఆలోచించాను. అందరూ చూస్తున్నారు. వెనక్కి తగ్గితే ఆ తలుపు రేపటికి మళ్ళీ మూతపడుతుంది.

"పద బాబాయ్" అంది మా అమ్మాయి వెనక నుంచి. "గాలికి అడ్డం నిలబడమాక."

దాటాను. కొత్త గడప పాతదాని కంటే వేలెడు ఎత్తు. బొటనవేలు టపీమని తగిలింది. కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. బూటు లోపల తడిగా వెచ్చగా తెలుస్తూనే ఉంది. అధ్యక్షుడు నా ముఖంలోకి తొంగి చూశాడు. "ఏమైంది పెద్దాయనా?"

"ఏమీ కాలా" అన్నాను. నవ్వాను కూడా. రెండు చేతులూ చాచి అందరికీ చూపించాను.

ఒక్కొక్కరూ వచ్చారు. ముందు వాచ్‌మన్, తర్వాత గుమాస్తాలు, అధ్యక్షుడు కళ్ళు మూసుకుని. ఆఖరుకి మా అమ్మాయి ఒక మూట ఎండబెట్టడానికి చంకన పెట్టుకుని, నన్ను దాటుకుంటూ వచ్చి, దొడ్లో గట్టు మీద విప్పి పరిచింది. నేను ఇంటి దాకా మామూలుగా నడిచి, తలుపేసుకుని, అప్పుడు కుంటడం మొదలుపెట్టాను. వేలి గోరు ఊడింది. మా ఆవిడకు కూడా రాయి తగిలిందని చెప్పాను. జీవితంలో నాకు దొరికిన నిజమైన కథ అదొక్కటే. టీ కొట్టు దగ్గర ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో, మింగేశాను.

ఇప్పుడు గోరు మళ్ళీ వచ్చింది. ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది.